తలకు చోటెంత, తోక లావెంత: సర్ఫాక్టెంట్ ఎంచుకునే ముందు వేసుకోవాల్సిన లెక్క

ఎం.ఫార్మసీ ప్రాజెక్టు మొదలుపెట్టే విద్యార్థులూ, ఇంటి దగ్గరే డిష్‌వాష్ లిక్విడ్ చేసి అమ్ముకునేవాళ్ళూ నన్ను అడిగేది ఒకటే: "ఏ సర్ఫాక్టెంట్ మంచిదండీ?" సర్ఫాక్టెంట్ అంటే సబ్బులాగా ఒక కొస నీళ్ళనీ, మరో కొస నూనెనీ ఇష్టపడే అణువు. నేను ఎదురు అడిగేదీ ఒకటే. నీళ్ళలో పడ్డాక ఆ అణువులన్నీ చేరి మీకు ఏం కట్టిపెట్టాలి? చిన్న చిన్న గుండ్లా? పొడుగాటి దారాలా? లోపల మందు దాచుకునే సంచులా? నూనెలో తేలే నీటి చుక్కలా? ఇది తేలితే ఎంపిక సగం అయిపోయినట్టే. మిగతా సగం అణువు ఆకారంలో ఉంది.

వంటింట్లోంచి ఓ పది స్టీలు గ్లాసులు తెచ్చుకోండి. మూతి వెడల్పుగా, అడుగు సన్నగా ఉండేవి. వాటిని బల్ల మీద పడుకోబెట్టి, మూతికి మూతి, అడుగుకి అడుగు ఆనేలా పక్కపక్కన పేర్చండి. వరుస తిన్నగా రాదు. మూతులు బయటికి, అడుగులు లోపలికి వచ్చి విల్లులా వంగుతుంది. అదే పౌడరు డబ్బాలైతే గీత గీసినట్టు తిన్నగా వస్తుంది. బఠాణీల బండి దగ్గర ఇచ్చే కాగితం పొట్లాలైతే మొనలన్నీ ఒకచోటికి చేరి చక్రంలా మూసుకుపోతాయి. మూతి వైపు నీళ్ళంటే ఇష్టపడే తల అనీ, అడుగు వైపు నూనెంటే ఇష్టపడే తోక అనీ అనుకోండి. పొట్లం ఆకారం అణువులు గుండ్రటి మిసెల్ (తోకలు లోపల దాచుకుని అణువులు కట్టే గుంపు) కడతాయి, గ్లాసు ఆకారం అణువులు దారాల్లాంటి మిసెల్స్, ఇంకా తక్కువ వాలు ఉన్నవి వెసికిల్స్ (సంచులు), డబ్బా ఆకారం అణువులు బల్లపరుపు జంటపొరలు (తోకలు ఎదురెదురుగా ఉండే రెండు వరుసలు) కడతాయి. తల చిన్నదై తోక వైపే లావుగా ఉంటే వంపు తిరగబడుతుంది: తలలు లోపలికి, తోకలు బయటికి.

ఈ ఊహకు అంకె కట్టినవాళ్ళు ఇజ్రాయెలాష్విలి, మిచెల్, నినమ్. 1976లో వాళ్ళు రాసిన లెక్కని ఇప్పుడు ప్యాకింగ్ పారామీటర్ అంటాం. తోక ఘనపరిమాణాన్ని, తల ఆక్రమించే విస్తీర్ణంతో గుణించిన తోక పొడవుతో భాగిస్తే వచ్చేదే అది. మూడో వంతు కంటే తక్కువైతే గుండ్లు. మూడో వంతుకీ సగానికీ మధ్యలో దారాలు. సగం నుంచి ఒకటి దాకా వెసికిల్స్, ఒకటి దగ్గర చదును పొరలు. ఒకటి దాటితే తిరగబడ్డ నిర్మాణాలు. మూడో వంతు ఎక్కడిదంటారా? గోళం ఘనపరిమాణాన్ని దాని ఉపరితలంతో భాగిస్తే వచ్చేది వ్యాసార్ధంలో మూడో వంతు. ఆ వ్యాసార్ధం తోక పొడవుని మించలేదు, మించితే గోళం నడుమ ఖాళీ మిగులుతుంది. అంతే లెక్క.

మూడు అంకెలు

ఇక్కడే చాలామంది పొరబడతారు. తోక పొడుగైతే అణువు లావెక్కి పారామీటర్ పెరుగుతుందని అనుకుంటారు. చార్లెస్ టాన్‌ఫర్డ్ ఇచ్చిన సూత్రాలతో లెక్క కట్టి చూడండి. పన్నెండు కార్బన్ల తోక ఘనపరిమాణం 0.35 ఘన నానోమీటర్లు, పూర్తిగా చాచిన పొడవు 1.67 నానోమీటర్లు. భాగిస్తే 0.21. పదహారు కార్బన్లకి 0.458ని 2.18తో భాగిస్తే మళ్ళీ 0.21. ఎనిమిదికీ దాదాపు అంతే. తోక ఎంత పెరిగితే పొడవూ అంతే పెరుగుతుంది కాబట్టి నిష్పత్తి కదలదు. అంటే ఒంటి తోక సర్ఫాక్టెంట్‌లో ఆకారాన్ని తేల్చేది తలే.

అందుకే నేను మూడు అంకెలు గుర్తుపెట్టుకోమంటాను. ఒంటి తోకకి తల 0.63 చదరపు నానోమీటర్ల కంటే ఎక్కువ చోటు అడిగితే గుండ్లు. 0.63 నుంచి 0.42 దాకా దారాలు. 0.42 కంటే తగ్గితే పొరలు. జంట తోకకి పైన 0.21 బదులు 0.42 వస్తుంది కాబట్టి ఈ హద్దులన్నీ రెట్టింపు. గుడ్డులో, సోయాలో దొరికే జంట తోక లిపిడ్ (కొవ్వు జాతి అణువు) లెసిథిన్‌ని చూడండి. దాని తల 0.7 దగ్గర ఉంటుంది, 0.42ని దానితో భాగిస్తే 0.6. జంటపొర కట్టడానికే పుట్టిన అణువది.

మరి తోక పొడవుకి పనేం లేదా అంటే, ఉంది. అది తేల్చేది మిసెల్ ఎంత పలచటి ద్రావణంలో మొదలవుతుందనేది, అంటే సీఎంసీ. అయానిక్ (తలకి విద్యుదావేశం ఉన్న) సర్ఫాక్టెంట్లలో ఒక కార్బన్ పెరిగితే సీఎంసీ ఉజ్జాయింపుగా సగానికి పడిపోతుంది. నాన్-అయానిక్ వాటిలో మూడో వంతుకి. ఆకారం కోసం తలని చూడండి, పొదుపు కోసం తోకని చూడండి.

ఒకే తోక, రెండు తలలు

తల ప్రతాపం చూడాలంటే స్పాన్ 80, ట్వీన్ 80 అనే రెండు నాన్-అయానిక్ సర్ఫాక్టెంట్ల సీసాలు పక్కపక్కన పెట్టుకోండి. రెండింటిలోనూ తోక ఓలియేట్. స్పాన్‌లో తల ఒక చిన్న సార్బిటాన్ ముక్క. దానికే ఇరవై దాకా ఇథిలీన్ ఆక్సైడ్ యూనిట్లు తగిలిస్తే ట్వీన్. నీళ్ళు పీల్చుకున్న ఆ పోగులు గొడుగులా విచ్చుకుంటాయి. ట్వీన్ 80 నీళ్ళలో తేటగా కరిగి మిసెల్ కడుతుంది. స్పాన్ 80 నీళ్ళలో కరగదు, నూనెలోకి పోయి అక్కడ నీటి చుక్కల్ని పట్టుకుంటుంది. అణువుకి నీళ్ళంటే ఎంత ఇష్టమో, నూనెంటే ఎంత ఇష్టమో తూచడానికి 1949లో గ్రిఫిన్ తెచ్చిన హెచ్‌ఎల్‌బీ స్కేలు మీద ట్వీన్ 80కి 15, స్పాన్ 80కి 4.3. హెచ్‌ఎల్‌బీ ఎమల్షన్ ఎటు తిరుగుతుందో, అంటే నీళ్ళలో నూనె చుక్కలా నూనెలో నీటి చుక్కలా అన్నది చెబుతుంది కానీ గుండా, దారమా, సంచా అన్నది చెప్పదు. క్రీము చేసేవాళ్ళకి హెచ్‌ఎల్‌బీ చాలు. వెసికిల్ చేసేవాళ్ళకి చాలదు.

గుండ్రటి మిసెల్ చాలు అనుకుంటే

కరగని మందునో, రంగునో, అత్తరునో నీళ్ళలో కరిగించాలంటే గుండు చాలు. ఇక్కడ పోటీ ఎస్‌డీఎస్‌కీ (సోడియం డోడెసిల్ సల్ఫేట్) ట్వీన్ 80కీ. ఎస్‌డీఎస్ సీఎంసీ 25 డిగ్రీల దగ్గర 8.2 మిల్లీమోలార్, లీటరుకు దాదాపు 2.4 గ్రాములు. ఒక్కో మిసెల్‌లో అరవై చిల్లర అణువులుంటాయి. ట్వీన్ 80కి లీటరుకు పదిహేను మిల్లీగ్రాములు చాలు. మీ ద్రావణాన్ని తర్వాత పలచన చేయాల్సి వస్తుందా? అయితే ట్వీన్ తీసుకోండి. ఎస్‌డీఎస్ మిసెల్స్ పలచన చేయగానే విడిపోయి, కరిగిన మందు కాస్తా కింద పేరుకుంటుంది. ప్రోటీన్ ఉన్నా, నోట్లోకో కంట్లోకో పోయే మందైనా ఎస్‌డీఎస్ జోలికి పోవద్దు. జిడ్డు వదలాలి, ధర తక్కువుండాలి అంటే మాత్రం దాని కుటుంబమే నయం.

ఇంకొక్క మాట. ఎస్‌డీఎస్‌ని పొటాషియం ఉన్న బఫర్‌లో (ఆమ్లత మారకుండా ఉంచే ద్రావణం) కలపకండి. పొటాషియం డోడెసిల్ సల్ఫేట్ గది వేడికి కరగదు, తెల్లగా గడ్డకడుతుంది. మొదటిసారి చూసినవాళ్ళు మందే పాడైందనుకుంటారు. సోడియం బఫర్‌కి మారితే సరిపోతుంది.

చిక్కదనం కావాలంటే

అన్నిటికంటే నాకు ఇష్టమైన భాగం ఇదే, ఎందుకంటే తల చోటు మన చేతిలో ఉంటుందని ఇక్కడ కళ్ళారా కనిపిస్తుంది. షాంపూ, డిష్‌వాష్ చేసేవాళ్ళు ఎస్‌ఎల్‌ఈఎస్ (సోడియం లారెత్ సల్ఫేట్, ఎస్‌డీఎస్‌కి చుట్టం) ద్రావణంలో మామూలు ఉప్పు వేస్తారు. నీళ్ళలా జారే ద్రావణం ఉప్పు పడే కొద్దీ తేనెలా సాగుతుంది. సల్ఫేట్ తలలన్నిటికీ ఋణావేశం, ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటాయి. ఉప్పులోని సోడియం మధ్యలో చేరి ఆ నెట్టుడు తగ్గిస్తుంది. తలలు దగ్గరవుతాయి, అడిగే చోటు 0.63 కిందికి దిగుతుంది, గుండ్లు సాగి దారాలవుతాయి. దారాలు చిక్కుపడితే చిక్కదనం. ఎస్‌డీఎస్‌లోనూ ఇంతే: ఉప్పు 0.45 మోలార్ దాటాక గుండ్లు కడ్డీలుగా పెరుగుతాయి.

అయితే ఉప్పుకి ఒక శిఖరం ఉంది. అది దాటి ఇంకా వేస్తే చిక్కదనం పడిపోతుంది. అప్పటికి దారాలకి కొమ్మలు పుట్టి, ఆ కూడళ్ళు జారుతూ పోయి చిక్కు వదులవుతుంది. ఇంకా పోస్తే ద్రావణం మబ్బుగా మారి విడిపోతుంది. పలచబడింది కదా అని మరో గుప్పెడు ఉప్పు వేసి బ్యాచి మొత్తం పాడుచేసుకున్నవాళ్ళని చూశాను. ముందు పావు లీటరుతో చేసి, అర శాతం చొప్పున ఉప్పు పెంచుతూ ఎక్కడ గరిష్ఠమో రాసి పెట్టుకోండి. కొత్త ఎస్‌ఎల్‌ఈఎస్ పేస్టు డబ్బా తెరిచిన ప్రతిసారీ మళ్ళీ చూసుకోండి. కోకమిడోప్రొపైల్ బీటైన్ అనే మరో సర్ఫాక్టెంట్ కొంచెం కలిపితే ఉప్పు ఇంకా తక్కువ పడుతుంది. దాని తల ఎస్‌ఎల్‌ఈఎస్ తలల మధ్య సర్దుకుని నెట్టుడు తగ్గిస్తుంది.

ల్యాబ్‌లో ఇదే పని సీట్యాబ్ అనే ధనావేశ తల సర్ఫాక్టెంట్‌కి సోడియం సాలిసిలేట్ చేస్తుంది, అదీ ఉప్పు కంటే ఎన్నో రెట్లు గట్టిగా. సాలిసిలేట్ అయాన్ బయట నిలబడదు, బెంజీన్ వలయాన్ని తలల మధ్యలోకే దూర్చి కూచుంటుంది. రెండూ సమపాళ్ళలో కలిసిన ఫ్లాస్కుని గుండ్రంగా తిప్పి టక్కున ఆపండి. లోపల చిక్కుకున్న గాలి బుడగల్ని చూడండి. అవి ముందుకు పోయి ఆగవు. ఆగి, వెనక్కి వస్తాయి, రబ్బరు లాగి వదిలినట్టు. నిన్నటిదాకా నీళ్ళలా పారిన ద్రావణం తను వచ్చిన దారిని గుర్తుంచుకుంటోందన్నమాట. ఎన్నిసార్లు చూసినా నాకు ఆశ్చర్యమే.

ఎంపిక మాటకొస్తే, ఒంటికి తగిలే సరుకైతే ఎస్‌ఎల్‌ఈఎస్, బీటైన్, ఉప్పు. ప్రయోగానికో, బంగారు నానోకడ్డీలకో, సిలికాలో రంధ్రాల అచ్చుకో అయితే సీట్యాబ్. సీట్యాబ్ చర్మానికీ, చేపలకీ మంచిది కాదు, దాన్ని సింకులో పోయకండి. ఇంకో సంగతి, అది 25 డిగ్రీల కింద స్ఫటికాలవుతుంది. ఏసీ గదిలో రాత్రంతా ఉంచిన నా సీసాలో తెల్లారేసరికి అడుగున తెల్లటి సూదులు మెరుస్తున్నాయి. గోరువెచ్చటి నీళ్ళలో పెడితే పది నిమిషాల్లో తేటబడింది. అందులో దోషమేం లేదు, ఆ ఉష్ణోగ్రత కింద మిసెల్ కట్టడానికి చాలినంత సీట్యాబ్ కరగదు, అంతే.

సంచి కావాలంటే

మందుని లోపల దాచి పంపాలంటే జంటపొర చుట్టుకున్న వెసికిల్ కావాలి. 2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు మన రెండు రాష్ట్రాల్లోనూ కుటుంబాలు పరుగులు పెట్టి వెతికిన లైపోసోమల్ యాంఫోటెరిసిన్-బి అలాంటిదే. లిపిడ్లతో కట్టిన వెసికిల్‌నే లైపోసోమ్ అంటారు. అదే మందు మామూలుగా ఎక్కిస్తే కిడ్నీల మీద దెబ్బ ఎక్కువ, లిపిడ్ పొరలో పొదిగి ఇస్తే తక్కువ.

జంట తోక ఎంత ముఖ్యమో నాగుపాము విషం చూపిస్తుంది. విషంలోని ఫాస్ఫోలిపేజ్ ఏ2 అనే ఎంజైము లెసిథిన్ తోకల్లో ఒకటి కత్తిరించేస్తుంది. తల అదే, తోక ఒకటే మిగిలింది. డబ్బా కాస్తా పొట్లమైంది. పారామీటర్ సగం కిందికి పడి, పొరలో ఉండాల్సిన అణువు మిసెల్ వైపు లాగుతుంది. అలా పుట్టిన లైసోలెసిథిన్ ఎర్ర రక్తకణాల పొరని చీల్చగలదు, పేరులోని 'లైసో' దాన్నుంచే వచ్చింది.

వెసికిల్‌కి మూడు దారులున్నాయి. ఫాస్ఫాటిడిల్‌కోలిన్, అంటే పైన లెసిథిన్ అన్న అణువు, మొదటిది. గుడ్డు లేదా సోయా నుంచి తీసినదైతే గది వేడిలోనే పొర మెత్తగా ఉంటుంది, ఎండబెట్టిన లిపిడ్ ఫిల్మ్ నీళ్ళు తాగి ఇట్టే ఉబ్బుతుంది. కానీ తోకల్లో వంకరలుండటం వల్ల కారుతుంది, గాలికి పాడవుతుంది. ఇదే జాతిలో వంకర లేని నిండు తోకలున్న డీపీపీసీ 41 డిగ్రీల దగ్గర, డీఎస్‌పీసీ 55 డిగ్రీల దగ్గర మెత్తబడతాయి. నీళ్ళు పోసేటప్పుడు ఆ వేడి పైనే ఉండాలి, కట్టాక మాత్రం గట్టిగా నిలుస్తాయి. దుకాణంలో దొరికే సోయా లెసిథిన్ గుళికలతో లెక్క సరిపోలేదని బాధపడేవాళ్ళకి ఒక మాట: అందులో ఒక్క ఫాస్ఫాటిడిల్‌కోలినే కాదు, చిన్న తల ఉన్న ఇథనోలమీన్ లిపిడ్ కూడా ఉంటుంది. మీ లెక్క ఏ అణువుకి కట్టారో, సీసాలో ఉన్నది అదేనా అని ముందు చూసుకోండి.

రెండోది నియోసోమ్, అంటే నాన్-అయానిక్ సర్ఫాక్టెంట్‌తో కట్టే వెసికిల్: స్పాన్ 60, కొలెస్టెరాల్. చవక, నిలవ ఉంటుంది, అందుకే ఫార్మసీ కాలేజీల్లో ప్రాజెక్టులకి ఎక్కువగా ఇదే పడుతుంది. స్పాన్ 80 ఎందుకు వద్దు? ఓలియేట్ తోక వంకర, పొర వదులు, మందు కారిపోతుంది. స్పాన్ 60లో స్టియరేట్ తోక తిన్నగా ఉండి దగ్గరగా సర్దుకుంటుంది. మొదటి ప్రాజెక్టుకి నేను ఇదే చెబుతాను.

మూడోది అందమైన దారి: ధనావేశ తల ఉన్నదాన్నీ ఋణావేశ తల ఉన్నదాన్నీ కలపడం. రెండు తలలు అతుక్కుని చోటు సగమవుతుంది, రెండు తోకలు పక్కపక్కన నిలుస్తాయి. రెండు పొట్లాలు కలిసి ఒక డబ్బా. 1989లో కేలర్ బృందం ఇలా ఒంటి తోక సర్ఫాక్టెంట్లతోనే వెసికిల్స్ తమంతట తామే పుడతాయని చూపించింది. సరిగ్గా సమానంగా కలిపితే మాత్రం అవక్షేపమే మిగులుతుంది, ఒకటి ఎక్కువ ఉంచాలి. కుతూహలం ఉన్నవాళ్ళు చేయాల్సిన ప్రయోగమే కానీ, మందు పంపడానికి దీన్ని ఎంచుకోమని చెప్పను.

నూనెలో నీటి చుక్క కావాలంటే

దీనికి ఏఓటీ అనే సర్ఫాక్టెంట్. మందుల షాపులో విరేచనం సాఫీగా అవడానికి అమ్మే డోకుసేట్ సోడియం అదే. రెండు తోకలు, రెండూ కొమ్మలు వేసినవి, పక్కలకి విచ్చుకుంటాయి. తల చిన్నది. పారామీటర్ ఒకటి దాటుతుంది కాబట్టి ఐసోఆక్టేన్ అనే నూనెలాంటి ద్రావకంలో వేరే సాయం లేకుండానే తిరగబడ్డ మిసెల్ కడుతుంది. సీట్యాబ్‌తో ఇదే పని చేయాలంటే హెక్సనాల్ లాంటి ఆల్కహాల్ తోడు పెట్టాలి. ఏఓటీలో ఇంకో సుఖం, చుక్క సైజు మీ చేతిలోనే ఉంటుంది. ఒక్కో ఏఓటీ అణువుకి పది నీటి అణువులు పోస్తే చుక్క వ్యాసార్ధం రెండు నానోమీటర్ల లోపు, ఇరవై పోస్తే దాదాపు రెట్టింపు. నానోకణాలు చేసేవాళ్ళు వేరేది వెతకనక్కర్లేదు.

ఎమ్‌ఆర్‌ఎన్‌ఏ టీకాల్లోని లిపిడ్ల పనిని కూడా ఇదే ఆకారంతో వివరిస్తారు. కణం లోపలి ఆమ్లంలో ఆ లిపిడ్ తల ధనావేశం తెచ్చుకుని, అక్కడి పొరలోని ఋణావేశ లిపిడ్‌తో జతకడుతుంది. జత తల చిన్నది, తోకలు వెడల్పు. చదును పొర తిరగబడి, ఆర్‌ఎన్‌ఏ బయటపడుతుంది.

లెక్క ఎక్కడ మారుతుంది

తల చోటు అణువు మీద చెక్కిన అంకె కాదు. ఇథిలీన్ ఆక్సైడ్ తలలు వేడెక్కితే నీళ్ళు వదిలి ముడుచుకుంటాయి. పన్నెండు కార్బన్లకి ఐదు ఇథిలీన్ ఆక్సైడ్లున్న సర్ఫాక్టెంట్ 32 డిగ్రీల దగ్గరే మబ్బు పడుతుంది, ఆరు ఉంటే 50 దగ్గర, ట్రైటన్ ఎక్స్-100 అయితే 65 దగ్గర. మే నెలలో రాయలసీమ గోదాములో ఉంచే సరుకుకి మొదటిది పనికిరాదు. బోరు నీళ్ళలో సబ్బు ఎందుకు నురగివ్వదో ఈ చూపుతోనే తెలుస్తుంది: ఒక కాల్షియం రెండు సబ్బు తలల్ని కట్టేసి జంట తోక చేస్తుంది, అది మిసెల్ కట్టలేక తెట్టులా తేలుతుంది.

గాఢతా మార్చేస్తుంది. 70 శాతం ఎస్‌ఎల్‌ఈఎస్ పేస్టు నిజానికి పొరల మీద పొరలు, అందుకే జారుతుంది. 28 శాతం ద్రావణంలో మిసెల్స్, అదీ జారుతుంది. ఈ రెండిటి మధ్యలో దారాలన్నీ తేనెపట్టులా బారులు తీరి గట్టి జెల్ అవుతుంది. పేస్టు మీద నీళ్ళు పోసేవాళ్ళు డ్రమ్ము మొత్తాన్నీ ఆ జెల్ గుండా నడిపిస్తారు, గరిటె కదలదు. నీళ్ళలోకి పేస్టుని కొంచెం కొంచెంగా వేసి, నురగ రాకుండా మెల్లగా తిప్పి, రాత్రంతా వదిలేయండి.

పైత్య లవణాలకి మాత్రం ఈ లెక్క వాడకండి. వాటికి తలా తోకా ఉండవు, పలకలా ఒక ముఖం నీటికి, ఒక ముఖం నూనెకి. ప్లురోనిక్ లాంటి పాలిమర్లలోనూ తోక తనంతట తాను చుట్టుకుంటుంది కాబట్టి పొడవు ఎంతని తీసుకోవాలో తేలదు.

కట్టింది ఏమిటో తెలుసుకోవడానికి డైనమిక్ లైట్ స్కాటరింగ్ (వెలుగు చెదిరే తీరుని బట్టి కణాల సైజు చెప్పే పరికరం) ఉంటే సరే. ఎస్‌డీఎస్ మిసెల్ నాలుగైదు నానోమీటర్లు, లైపోసోమ్ వంద చుట్టుపక్కల చూపిస్తుంది. లేకపోతే సీసాని కిటికీ దగ్గర పట్టుకోండి. తేటగా, నీళ్ళలా ఉంటే గుండ్లు. తేటగా ఉండి, తిప్పి ఆపితే బుడగ వెనక్కి వస్తే దారాలు. నల్లటి గుడ్డ ముందు పెడితే లేత నీలం మసక కనిపిస్తే వెసికిల్స్. పాత కాలిక్యులేటర్ తెర మీది పోలరాయిడ్ ముక్కలు రెండు, వెలుగు ఆగిపోయేలా ఒకదానికొకటి అడ్డంగా పెట్టి, వాటి మధ్య చుక్క ఉంచినప్పుడు వెలుగు వస్తే పొరలో, బారులు తీరిన దారాలో.